నడిపలక పగిలిన నావ

కొల్లేటికోట రేవు వెనకబడింది. జమ్ము దుబ్బులు దాటి కాస్త లోతు నీళ్లలోకి రాగానే అహరోను తెరచాప ఎత్తికట్టి, నావ నట్టనడుమ ఉన్న పెట్టె మీదికి వంగి తాడు విప్పాడు. పెట్టెలోంచి పలక కిందికి దిగాలి. దిగలేదు.

"ఏమైంది మావయ్యా?" అంది రూతమ్మ. ఒక కష్టమైన పురుడు పోసి వస్తోంది. మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూచుంటే కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

"పట్టేసిందమ్మాయ్, కదలటంలేదు." అహరోను గెడ తిరగేసి పలక నెత్తిమీద ఒక్క పోటు పొడిచాడు. లోపల ఫెళ్లుమంది. ఆ వెంటనే నావ కిందనుంచి చేటంత టేకు చెక్క ఒకటి పైకి తేలి, వీళ్లతో పని లేనట్టు నెమ్మదిగా వెనక్కి పోయింది.

రూతమ్మకి నిద్ర ఎగిరిపోయింది. అలా విరగడం అది మూడోసారి.

కొల్లేట్లో తిరిగే దోనెలకి ఈ బాధ లేదు. వాటి అడుగు బల్లపరుపుగా ఉంటుంది, గెడ వేసి తోసుకుంటూ పోతారు. ఇది అలాంటి పడవ కాదు. ఏలూరు మిషనులో పనిచేసి వెళ్లిపోయిన పాదిరీగారొకాయన బాతుల వేట కోసం తమ దేశపు తరహాలో కాకినాడలో కట్టించుకున్న తెరచాప నావ. దాని అడుగున నిలువునా ఒక చీలిక, చీలిక మీద సన్నటి పొడుగుపాటి పెట్టె, పెట్టెలో ఇరుసు మీద తిరిగే టేకు పలక. అహరోను దాన్ని నడిపలక అంటాడు. తాడు వదిలితే పలక నీళ్లలోకి దిగి, గాలికి నావ పక్కకి జారిపోకుండా పట్టి నిలబెడుతుంది. మెరక వస్తే తాడు లాగి పలకని పెట్టెలోకి ఎక్కించి ముడివేస్తారు. పలక బాగుంటే ఎదురుగాలికి కూడా అటు కోసీ ఇటు కోసీ పోవచ్చు. పలక లేకపోతే తెరచాప ఉన్నదీ లేనిదీ ఒకటే. గాలి ఎటు తోస్తే అటుపోయి జమ్ములో పడాలి.

పాదిరీగారు వెళ్లాక నావ మిషను ఆస్పత్రికి వచ్చింది, ఆస్పత్రి దాన్ని రూతమ్మకి ఇచ్చింది. తాడేపల్లిగూడెంలో పుట్టి, మిషను బళ్లో చదివి, నర్సు పని నేర్చుకున్న రూతమ్మకి శ్రీపర్రు గట్టు మీద గడ్డికప్పు మందుల గది, ఈ నావ, నడపడానికి అహరోను. అంతకంటే ఆమెకి అక్కడ ఏమీ లేదు. కాని లంకల్లోంచి కబురొస్తే వచ్చిన పూటే బయల్దేరి, చేరవలసిన వేళకి చేరేది. దోనె మీద ఎదురుగాలిలో పోయిన రోజుల్లో ఆమె గడప తొక్కేసరికి అటో ఇటో అంతా అయిపోయి ఉండేది. అటు అయిపోయిన ఇళ్లని ఆమె మర్చిపోలేదు.

అందుకే ఈ మూడోసారి సంగతి విని దొరసానిగారు అన్న మాట ఆమెకి గుండెల్లో రాయిలా పడింది. ఆస్పత్రి పెద్ద డాక్టరు దొరసానిగారు తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నారు. ఆమె కోప్పడినా ప్రసంగం చేసినట్టే ఉంటుంది.

"రూతమ్మా, పలక మరల విరిగినయెడల ఈ నావను నరసాపురము పంపివేసెదను. నీవు ఇక్కడ వార్డులో పనిచేయవలెను. లంకలలోనివారు పూర్వమువలెనే ఉందురు."

పూర్వమువలెనే అంటే ఏమిటో దొరసానిగారికి తెలియదు. రూతమ్మకి తెలుసు.

దాదాపీర్ పందిరి ఏలూరు కాలవ గట్టున ఉంది. పడవల పని చేసే వడ్రంగి అతను. నడిపలకని మొదటిసారి ఇనప బద్దీలు వేసి అతికిందీ, రెండోసారి కొత్తది కోసిందీ అతనే. రూతమ్మ, అహరోను నీళ్లలో తేలిన ముక్కని కూడా పట్టుకుని, ముక్కల్ని బండి మీద వేసుకుని వెళ్లి అతని ముందు దించారు. దాదాపీర్ విరిగిన అంచులు రెండూ దగ్గరపెట్టి చూసి, ముక్కలు కింద పెట్టి, రూతమ్మ వంక చూశాడు.

"నా పని బాగాలేదనే కదమ్మా మీ మనసులో ఉన్నది?"

"నేనేమీ అనలేదు కదండీ."

"అనలేదు గాని ఆ చూపు నాకు తెలీదాండీ! మా ఆవిడ చేపలవాడి తట్ట వంక అలాగే చూస్తుంది." దాదాపీర్ ముక్క ఎత్తి ఆమె ముందు పెట్టాడు. "చూడండి. రాయో రప్పో తగిలితే ముందంచు నలగాలి. ఈ అంచు చంటిపిల్ల చెంపలాగుంది. ఇది కర్ర నార వెంట నిలువునా చీలింది. ఎవరో పక్కకి మెలిపెట్టారు."

"నీళ్లలో ఉన్న పలకని ఎవరు మెలిపెడతారండీ?"

"అది నన్నడుగుతారేంటమ్మా? నావ మీది, మనుషులు మీవాళ్లు." అని అతను అహరోను వైపు ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తన పని మీదికి మాట రాకుండా ఎదటివాళ్ల మీదికి నెడుతున్నాడు అనుకుంది రూతమ్మ. టేకు అని చెప్పి ఇంకేదో కర్ర వేశాడేమోనని అంచుని గోటితో గీరింది. గోటికి నల్లటి బంకమట్టి వచ్చింది. కొల్లేటి అడుగుమట్టి పలక లోపలి పగులులోకి ఎక్కి ఎండి ఉంది.

అంటే పలక ఎక్కడో మట్టిలో దిగబడి ఉంది. తాము పోయిన దారుల్లో ఎక్కడా దిగబడలేదు. మెరక రాకముందే ఎత్తి కట్టేస్తారు. రేవులో నావ ఉన్నంతసేపూ పలక పెట్టెలోనే ఉంటుంది. మరి తను పురుటింట్లో ఉన్నప్పుడు నావ ఎక్కడ ఉంటోంది?

అడగకుండా ఉండలేకపోయింది. అడిగేది ఇంటికి వెళ్లాక అడిగినా బాగుండేది.

"మావయ్యా, నేను లోపలున్నప్పుడు నావ ఎటైనా తీసుకెళ్తున్నారా? వలలు వెయ్యడానికో, ఎవర్నైనా దింపడానికో?"

అహరోను తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. పొగాకు నములుతున్న దవడ ఆగిపోయింది. రూతమ్మ తండ్రి వయసు అతనిది. ఇద్దరూ ఒకే మిషను గుడికి పోయేవాళ్లే.

"లేదండి నర్సమ్మగారండి," అన్నాడు.

అప్పటిదాకా ఆమెని అమ్మాయ్ అనే తప్ప ఇంకోలా పిలిచిన మనిషి కాదు.

కొత్త పలక తయారైంది. దాదాపీర్ శ్రీపర్రు దాకా వచ్చి తనే ఇరుసు బిగించి, నావ అడుగుకి నీరు ఎక్కకుండా నల్లటి కీలు పూసి, "ఇది విరిగితే నా చేతులు విరిగినట్టేనమ్మా" అని పోయాడు. ఆ మాట కూడా రూతమ్మకి అనుమానంగానే వినపడింది. ఎవరు ఏ మాట అన్నా దాని వెనక ఇంకో మాట ఉందనిపించే స్థితికి వచ్చింది ఆమె.

మూడుసార్లూ ఏయే ప్రయాణాల్లో విరిగిందో గుర్తుచేసుకుంది. జ్వరాలు చూడడానికి పోయినప్పుడు ఎన్నడూ విరగలేదు. మశూచి టీకాలకి పోయినప్పుడు విరగలేదు. మూడూ పురుళ్లే. మూడూ కొల్లేటికోటలోనే. మూడూ చాలాసేపు బాధపెట్టి తేలిన పురుళ్లే.

కోటలో కనకమ్మ ఉంది.

ఆ లంకలో తిరిగే మనుషుల్లో సగంమంది కనకమ్మ చేతుల్లో పుట్టినవాళ్లే. రూతమ్మ రాకముందు మంత్రసాని ఆవిడే. ఇప్పుడు కూడా పురుడంటే వస్తుంది. గోడకి ఆనుకుని కూచుని, రూతమ్మ చేతుల వంకే చూస్తూ ఉంటుంది. ఒక్కమాట అనదు. మధ్యమధ్యలో లేచి బయటికి పోతుంది. ఎందుకు పోతుందో చెప్పదు. తిరిగొచ్చి మళ్లీ అదే గోడకి ఆనుకుంటుంది. నావ పోతే రూతమ్మ రావడం పోతుంది. రూతమ్మ రాకపోతే మళ్లీ పిలవవలసింది ఎవర్ని?

రూతమ్మ ఒక ఉపాయం చేసింది. ఆ తర్వాత ఏ రేవుకి వెళ్లినా అహరోను పలక ఎత్తగానే, "తాడు ఇలా ఇవ్వండి, నేను కడతాను" అని తీసుకునేది. ఆస్పత్రిలో కట్లు కట్టడానికి నేర్పిన ముడి ఒకటి ఉంది. జారదు, తెలియనివాళ్లకి మళ్లీ వెయ్యడం రాదు. అది వేసి, చివరలు లోపలికి దోపేది. ఎవరైనా విప్పి కట్టారా, ఇట్టే తెలిసిపోతుంది.

అహరోను ఆ ముడిని చూశాడు. "నా చేతుల మీద నమ్మకం లేదని చెప్పచ్చు కదండీ. ముడితో చెప్పడం ఎందుకండి?" అన్నాడు. ఆమె తాడు చివర మరికాస్త లోపలికి దోపింది.

జ్వరాలకి పోయి వచ్చింది. ముడి వేసినట్టే ఉంది. మళ్లీ పోయింది, అలాగే ఉంది. ఆ తర్వాత కోటలో ఒక పురుడు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి, పొద్దుటినుంచి పొద్దు వాలేదాకా పట్టింది. గదిలో అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేకుండా మూతలు తీసిన కుండలూ జాడీలూ. ఆడవాళ్లందరి జుట్లూ విరబోసి ఉన్నాయి. లంకల్లో ఎక్కడైనా అంతే. రూతమ్మ అలవాటుగా వాటిని దాటుకుంటూ తన పని తను చేసుకుంది. అంతా అయ్యాక రేవుకి వచ్చి, అన్నిటికంటే ముందు పెట్టె దగ్గరికి వంగింది.

ముడి ఉంది. తనది కాదు. వలలు అల్లేవాళ్లు వల అంచున కండెతాడుకి వేసే గట్టిముడి.

ఆవేళ గాలి అంతగా లేదు. పలక దిగింది, నావ నడిచింది. లంకవాళ్ల ముడి కాబట్టి అహరోనుది తప్పు కాదని ఒక మనసు అంది. వాళ్లూ ఇతనూ కూడబలుక్కుంటే, అని ఇంకో మనసు అంది. ఏలూర్లో అన్న మాట వెనక్కి తీసుకోవాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అహరోను చుక్కాని దగ్గర కూచుని ఆమె భుజం పైనుంచి నీళ్లని చూస్తున్నాడు.

కార్తీకం వెళ్లిన కొత్తలో ఒక పొద్దుట సోమాలమ్మకి నొప్పులని కోటనుంచి కబురొచ్చింది. సోమాలమ్మది తొలిచూలు. రూతమ్మ వెళ్లేసరికి కనకమ్మ అప్పటికే గోడకి ఆనుకుని కూచుని ఉంది. పిల్ల ధైర్యస్తురాలే గాని నొప్పులు వస్తూ పోతూ ఉన్నాయి తప్ప పని ముందుకు సాగడంలేదు. రూతమ్మ చూసింది. ప్రమాదం ఏమీ లేదు, ఓపిక పట్టాలి, అంతే. సోమాలమ్మ అత్తకి అదే చెప్పింది. ఆవిడ వినలేదు. అంతకంతకీ రూతమ్మని ఎగాదిగా చూస్తోంది.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. గడ్డికప్పు అంచులు కొట్టుకుంటున్నాయి. రూతమ్మ చెయ్యి కడుక్కుని వెనక్కి తిరిగి చూసేసరికి గోడ దగ్గర కనకమ్మ లేదు.

సోమాలమ్మ కాస్త మగతలో ఉంది. రూతమ్మ ఆమె చెయ్యి అత్త చేతిలో పెట్టి, "ఇప్పుడే వస్తాను" అని బయటికి వచ్చింది. పరుగెత్తలేదు గాని ఆ నడక పరుగే. పురుటింటి చుట్టుపక్కల మొగవాళ్లెవరూ ఉండకూడదు కాబట్టి దారంతా ఖాళీగా ఉంది. అమ్మవారి గుడి వైపు నుంచి వాళ్ల మాటలు గాలిలో వినపడుతున్నాయి. అహరోను కూడా అక్కడే ఉంటాడు.

రేవులో నావ ముక్కు గుంజకి కట్టి ఉంది. నావలో, పెట్టె పక్కన, జుట్టు విరబోసుకుని కనకమ్మ బాసిపట్టు వేసుకుని కూచుంది. పెట్టె మూత తీసి పక్కన పెట్టి ఉంది. పలక అప్పుడే దిగినట్టుంది, నావ చుట్టూ నీళ్లు నల్లగా కలకబారాయి.

"దొరికారు!" అంది రూతమ్మ.

కనకమ్మ తలెత్తి, "ఎవరు?" అని వెనక్కి తిరిగి చూసింది.

"మీరేనండీ కనకమ్మగారూ! మీరే!"

"నేనెక్కడికి పోయాను దొరకడానికి? లోపల పిల్లనొదిలేసి నువ్వెందుకొచ్చావు?" కనకమ్మ బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకింది. "నీ ముడి విప్పేసరికి గోరు లేచిపోయింది. ఏం ముడమ్మా అది!"

"ఎందుకు విప్పారు?"

"ఎందుకేంటి?" కనకమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆడకూతురు నొప్పులు పడుతుంటే ఇంట్లో ఉట్టితాళ్లు విప్పాం, గొడ్ల పలుపులు విప్పాం, ఉప్పుజాడీ మూత దగ్గిర్నించి తీసిపెట్టాం. నువ్వు చూళ్లేదా? పురుడు పొయ్యడానికొచ్చిన మనిషి నావలో, సరిగ్గా కడుపున్న చోట పెట్టె. పెట్టెకి మూత, దానికి ముడి. అది అలా వదిలేస్తే బిడ్డెలా వస్తుంది? తేలిగ్గా అయ్యే పురుళ్లకైతే మేం ఇంతదూరం రాం. కష్టమైతే వచ్చి విప్పుతాం. బిడ్డ బయటపడ్డాక మళ్లీ లాగి కట్టేస్తాం. నీ వస్తువు నీకు భద్రంగా అప్పజెప్తున్నాం కదా!"

రూతమ్మ మూత తీసిన పెట్టె వంక చూసింది. కుండల్నీ జాడీల్నీ ఎన్నోసార్లు దాటుకుంటూ తిరిగింది. నావలో ఉన్నది కూడా వాళ్లకి ఒక పెట్టేనని ఒక్కసారీ తట్టలేదు.

"నేనూ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు," అంది కనకమ్మ. గొంతు తగ్గించింది. "ఇదివరకు మామూలు ముడి ఉండేది. ఈ మధ్య ఇదెందుకేస్తున్నావు? మొన్నటి పురుడు పొద్దువాలేదాకా పట్టింది. ఇప్పుడు సోమాలు అవస్థ చూడు. వాళ్లత్త నన్నడిగింది, నర్సమ్మ మన పిల్లల్ని కట్టేసి మరీ వస్తోందా అని. కాదన్నాను. కాదని నాకేం తెలుసు?"

"అయ్యో, మిమ్మల్ని పట్టుకోడానికి వేశానండీ అది!"

"నన్నా? తాడేసా? నేనేం కొర్రమీన్నా?"

నవ్వు రావలసిన చోటే గాని ఇద్దరికీ రాలేదు. గాలి ఒక్క విసురు విసిరింది. నావ తోక పక్కకి తిరగబోయింది. మట్టిలో దిగబడ్డ పలక తిరగనివ్వలేదు. పెట్టె లోపల కర్ర కిర్రుమని మూలిగింది.

"విన్నారా? అదే!" రూతమ్మ నీళ్లలోకి దిగి నావలోకి ఎక్కి తాడు అందుకుంది. "మీరు వదిలితే పలక మట్టిలో నాటుకుంటోంది. గాలికి నావ తిరిగి, పలక మెలిబడి పగులుతోంది. పగిలినదాన్నే మీరు పైకి లాగి కడుతున్నారు. ఇప్పటికి మూడు పోయాయి. ఇది పోతే నావని పంపించేస్తామన్నారు దొరసానిగారు. నేనింక రానండీ, అర్థమైందా?"

కనకమ్మ మొహం మారింది. "మాతో చెప్పద్దూ మరి?"

"నన్నడగద్దూ మరి?"

ఇద్దరూ కలిసి లాగారు. మట్టి వదల్లేదు. మళ్లీ లాగితే బుడబుడమని బుడగలు వచ్చి పలక పైకి ఎక్కింది. రూతమ్మ పెట్టెలోకి వంగి, అందినంత మేర పలకని చేత్తో తడిమింది. పగులు తగల్లేదు. ప్రాణం కుదుటపడి, తాడు పెట్టె పక్కనున్న కొయ్య గుబ్బకి చుట్టి ముడివెయ్యబోయింది.

"నర్సమ్మా," అంది కనకమ్మ మెల్లిగా.

గట్టు మీద సోమాలమ్మ అత్త నిలబడి ఉంది. కోడలికి మళ్లీ నొప్పులు మొదలయ్యాయని పిలవడానికి వచ్చింది. పిలవలేదు. రూతమ్మ చేతుల వంక, ఆ చేతుల్లో ఉన్న తాడు వంక చూస్తూ నిలబడిపోయింది.

రూతమ్మ చేతులు ఆగిపోయాయి. ఇవన్నీ వట్టి భ్రమలని మిషను బళ్లో నేర్పారు, తనూ నమ్మింది. ఆ మాట ఇప్పుడు గట్టు మీది మనిషితో చెప్పి లాభం లేదు. ముడి వేసిందా, లోపల ఏ కాస్త అటూ ఇటూ అయినా కట్టేసింది నర్సమ్మే అంటారు. ఒక్క కోటలో కాదు, ప్రతి లంకలోనూ అంటారు. అప్పుడు నావ ఉండి ఏం లాభం, పిలిచేవాళ్లుండరు. ముడి వెయ్యకుండా వదిలేసిందా, ఈ గాలికి పొద్దువాలకముందే పలక రెండవుతుంది.

"ముడి వెయ్యకు, పట్టుకో," అంది కనకమ్మ. "చేత్తో పట్టుకుంటే అది ముడి కాదు కదా. పలకా దిగదు."

"నేను లోపలికి పోవద్దా?"

"నాకూ లోపలే పని. ఈ గాలికి ఆపడం ఆడవాళ్ల వల్ల కాదు." కనకమ్మ గట్టు వైపు చూసి గొంతెత్తింది. "ఏమే, నావ నడిపే ముసలాయన్ని పిలిపిస్తాం. నావలో కూచుని తాడు పట్టుకుంటాడు. ఇంటికేసి వీపు తిప్పుకుని, మొహం నీళ్లకేసి పెట్టుకుంటాడు. సరేనా?"

సోమాలమ్మ అత్త ఇంటి వంకా నావ వంకా చూసింది. "ఇటు తిరక్కూడదు మరి," అంది చివరికి.

కనకమ్మ తాడు పట్టుకుని కూచుంది. రూతమ్మ గుడివైపు పరుగెత్తింది. ఈసారి నిజంగానే పరుగు. గుడి అరుగు మీద మొగవాళ్లు వల పరుచుకుని చిరుగులు కుడుతున్నారు. అహరోను ఓ పక్కగా కూచుని ఉన్నాడు. ఆమె ఆయాసపడుతూ సంగతి చెప్పింది.

అహరోను లేవలేదు. "మళ్లీ నా చేతికే తాడిస్తారేంటండి?"

"తప్పు నాది మావయ్యా. మిమ్మల్ని అనుమానించాను," అంది గొంతు తగ్గించి.

"ఏలూర్లో గట్టిగానే అడిగారండి. ఆ వడ్రంగి వింటున్నాడని కూడా చూడలేదు." అహరోను మాటలో కోపం లేదు. అందుకే ఆమెకి ఇంకా కష్టమనిపించింది.

వల కుట్టేవాళ్ల చేతులు ఆగాయి. లోపల సోమాలమ్మకి నొప్పులు మొదలయ్యాయి, నిలబడడానికి వేళ లేదు. రూతమ్మ వాళ్ల వైపు తిరిగింది. మొహం మండిపోతోంది.

"అందరూ వినండి. నావ పలక పాడుచేస్తున్నది మా అహరోను మావయ్యేమో అనుకున్నాను. ఏలూర్లో నలుగురిలో అడిగాను కూడా. మీ కనకమ్మగారినీ అనుమానించాను. ఇద్దరిదీ తప్పు లేదు. ముడి వేసి మీ అందరి మీదా కాపలా పెట్టాను. అదీ తప్పే."

ఒకాయన, "ఆ ముడి మాకోసమాండీ? మా ఇంటిది వారంనించీ దాని గురించే ఏడుస్తోంది" అని గొణిగాడు. అహరోను పొగాకు ఉమ్మేసి, తువ్వాలు తలకి చుట్టుకుని, మోకాళ్లు పట్టుకుని లేచాడు.

రేవులో కనకమ్మ చేతినుంచి తాడు తీసుకుని అరచేతికి రెండు మెలికలు తిప్పుకున్నాడు.

"మెలికలూ వద్దు!" అంది గట్టు మీంచి సోమాలమ్మ అత్త.

అహరోను మెలికలు విప్పి, రెండు కాళ్లూ పెట్టెకి తన్నిపెట్టి, వట్టి పిడికిళ్లతో పట్టుకున్నాడు. మొహం కొల్లేటి వైపు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రూతమ్మకి నావ సంగతి చూసే వ్యవధి లేదు. కనకమ్మ ఈసారి గోడ దగ్గర కూచోలేదు. సోమాలమ్మ వెనక కూచుని ఆమె నడుముకి తన మోకాళ్లు ఆన్చి, "ఊ, ఇంకోటి, నా తల్లి కదూ" అంటూ ఉంది. రూతమ్మ చెప్పినట్టల్లా పిల్లని తిప్పింది, లేపింది, కూచోబెట్టింది. ఒకచోట రూతమ్మ చెప్పకముందే తిప్పింది, అదీ మంచిదే అయింది. మంచం కాళ్ల మీదికి కిటికీ ఎండ పాకుతుండగా ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే పెద్ద గొంతుతో ఏడ్చింది.

సోమాలమ్మ అత్త బిడ్డని చూసి, కోడల్ని చూసి, జుట్టు ముడివేసుకుని బయటికి నడిచింది. ఆవిడ గొంతు రేవు దాకా వినపడింది.

"పుట్టింది! ఇంక కట్టుకో!"

రూతమ్మ పనంతా ముగించుకుని వచ్చేసరికి అహరోను ముడి వేసి గట్టున కూచుని ఉన్నాడు. వేళ్లు పూర్తిగా చాపలేకపోతున్నాడు. అరచేతుల్లో తాడు ఒరిసిన ఎర్రటి చారలు. ఆమె సంచీ తెరిచి మందు తీసింది. వద్దనలేదు, చేతులు చాపాడు. కోపం పోయిందో లేదో ఆమెకి తెలియలేదు. అడగడానికి భయపడింది.

జమ్ము దాటాక అతను పలక వదిలాడు. రూతమ్మ ఊపిరి బిగబట్టి వింది. ఏ చప్పుడూ లేదు. నావ గాలికి ఒరిగి, నిలదొక్కుకుని, శ్రీపర్రు వైపు మొహం పెట్టింది. ఆమె వంగి నీళ్లలోకి చూసింది. మళ్లీ చూసింది. చెక్కముక్క ఏదీ పైకి రాలేదు.

కొంతదూరం పోయారో లేదో, దక్షిణపు వైపు జమ్ములోంచి ఒక దోనె బయటికి వచ్చింది. గెడ వేస్తున్న మనిషి చెయ్యి ఊపుతూ కేకవేశాడు.

"నర్సమ్మగారూ! మీకోసమే వస్తున్నానండీ! మా పక్కలంకలో మా చెల్లెలికండీ! ఉమ్మనీరు పోయిందండీ!"

గాలి అటునుంచే, వాళ్ల మొహాల మీదికి కొడుతోంది. ఆ మనిషి గెడ వేసుకుంటూ వచ్చిన దూరం ఎంతో చెమటకి తడిసిన అతని చొక్కా చూస్తే తెలుస్తోంది. రూతమ్మ అహరోను వైపు చూసింది. అతను చుక్కాని తిప్పేశాడు అప్పటికే. నావ గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, ఏటవాలుగా నీళ్లు కోస్తూ పోవడం మొదలుపెట్టింది.

దోనె పక్కనుంచి దాటేటప్పుడు రూతమ్మ లేచి నిలబడింది.

"మా వెనకే వచ్చి మీ రేవులో ఆడవాళ్లకి చెప్పాలండీ! మా మావయ్య నావలోనే కూచుంటాడు, తాడు ఆయన చేతిలోనే ఉంటుంది! ముడి ఉండదు! పెట్టె జోలికి ఎవరూ రావద్దు!"

దోనె మనిషికి సగమే అర్థమైంది. అయినా తలాడించాడు.

"వీపు తిప్పుకునే కూచుంటానని కూడా చెప్పండి," అన్నాడు అహరోను నీళ్ల వంక చూస్తూనే.

రూతమ్మ ఆ మాట కూడా కేకవేసి చెప్పింది.